పన్నెండు లంకెలు ఇచ్చినా మూలం ఒక్కటే కావచ్చు

మీ ప్రశ్నను తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీ ఊరి స్వాతంత్ర్య సమరయోధుడి మీద తెలుగు వికీపీడియాలో వ్యాసం రాశారు. పన్నెండు వెబ్‌సైట్ల లంకెలు మూలాలుగా ఇచ్చారు. వాటిలో ఒకటి పేరున్న దినపత్రిక. అయినా రెండు రోజుల్లోనే వ్యాసం పైన నమ్మదగిన మూలాలు లేవంటూ ఒక మూస, అంటే హెచ్చరిక పెట్టె, పడింది. మీరు నొచ్చుకున్నారు. ఏ సైట్లను నమ్మవచ్చో జాబితా ఇస్తే ఇకమీదట వాటినే వాడతానని అడిగారు.

జాబితా రాసి ఇవ్వడం పెద్ద పని కాదు. కానీ అది మీకు అక్కరకు రాదు. ఒక సంగతికి గట్టి మూలంగా నిలిచే సైటే మరో సంగతికి ఎందుకూ పనికిరాకపోవచ్చు. చాలా ఏళ్ళుగా వికీలో రాస్తూ, ఇతరుల వ్యాసాలు సరిచూస్తూ వచ్చాక నాకు నిలిచిన ప్రశ్న ఒక్కటే: ఈ సంగతి వీళ్ళకు ఎలా తెలిసింది? సైటు పెద్దదా చిన్నదా అని చూసేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. జవాబు ఎక్కడ ఆగుతుందో అక్కడే మీ అసలు మూలం ఉంటుంది.

ఇది నాకు మా ఊరి చెరువు దగ్గర తెలిసివచ్చింది. 2012లో మా ఊరి వ్యాసంలో చెరువు గురించి ఒక పేరా చేర్చాను. కాకతీయుల కాలం నాటిదని, ఏడు తూములున్నాయని రాశాను. మూలమేదీ ఇవ్వలేదు. చిన్నప్పుడు తాతయ్య చెప్పగా విన్నదే నాకు ఆధారం. మూడేళ్ళ తర్వాత ఒక దినపత్రిక జిల్లా అనుబంధంలో మా చెరువు మీద సగం పేజీ కథనం వచ్చింది. ఊరంతా సంతోషించాం. కొన్నాళ్ళకు ఎవరో వాడుకరి, మంచి ఉద్దేశంతోనే, నా వాక్యం పక్కన ఆ కథనం లంకెను మూలంగా చేర్చారు. ఇక ఆ వాక్యాన్ని శంకించే పని లేకుండా పోయింది.

తర్వాత ఒక వేసవిలో చెరువు ఎండింది. కట్ట పొడవునా నడుస్తూ తూములు లెక్కపెట్టాను. అయిదే ఉన్నాయి. మిగిలిన రెండూ పూడిపోయాయేమోనని, చెరువు నీళ్ళు పంచే నీరటిని అడిగాను. వాళ్ళ నాన్న కాలం నుంచీ అయిదేనని చెప్పాడు. ఇంటికి వచ్చి పత్రిక కత్తిరింపు తీసి మళ్ళీ చదివాను. ఏడు తూములని అందులోనూ ఉంది. అంతేకాదు, అలుగు పొడవును గజాల్లో రాయాల్సిన చోట నేను పొరపాటున మీటర్లని రాశాను. ఆ మీటర్లు కూడా అలాగే దిగాయి. ఆ వివరాలు విలేకరికి నా పేరా నుంచే అందాయని అప్పుడు అర్థమైంది. నా తప్పుకు పత్రిక సాక్ష్యం, పత్రికకు నా తప్పే ఆధారం. ఆ రోజే పేరా తొలగించి, జరిగినదంతా ఆ వ్యాసం గురించి వాడుకరులు మాట్లాడుకునే చర్చాపేజీలో రాశాను. అయితే మా ఊరి పేరుతో వెతికితే ఏడు తూముల చెరువు ఇప్పటికీ అనేక సైట్లలో కనిపిస్తూనే ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు లేదు. ఆ బాధతోనే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అందుకే పత్రికలో వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ సంగతినీ ఒప్పుకోకండి. కథనం అచ్చయిన తేదీ చూడండి. ప్రతి మార్పూ తేదీతో నమోదయ్యే వికీ వ్యాసం పేజీ చరిత్ర తెరిచి, అదే సంగతి అందులో ఎప్పుడు చేరిందో చూడండి. వికీలో ముందు చేరి, మాటలు కూడా కలుస్తుంటే ఆ కథనం మూలంగా చెల్లదు. పోలికలు పట్టుకోవడానికి తప్పులు బాగా సాయపడతాయి. సరైన సంగతిని ఇద్దరు విడివిడిగా తెలుసుకుని రాయవచ్చు. ఒకే తప్పును ఒకే మాటల్లో ఇద్దరు విడివిడిగా రాయడం మాత్రం అరుదు.

ఈ వలయంలో ప్రపంచ ప్రసిద్ధ పత్రికలు కూడా పడ్డాయి. 2009 మార్చిలో ఫ్రెంచి సంగీత దర్శకుడు మోరీస్ జార్ మరణించినప్పుడు, డబ్లిన్‌లో చదువుకుంటున్న ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా ఒక మాట కల్పించి ఇంగ్లీషు వికీపీడియాలో పెట్టాడు. మూలం లేదని వికీ వాడుకరులు దాన్ని తొలగించారు. కానీ ఆలోపే అది బ్రిటన్‌లోని గార్డియన్‌తో పాటు పలు దేశాల పత్రికల నివాళి వ్యాసాల్లోకి వెళ్ళిపోయింది. దాదాపు నెల తర్వాత ఆ విద్యార్థే పత్రికలకు రాసి చెప్పేదాకా ఎవరూ గుర్తించలేదు. మూలం అడిగి తొలగించిన ఆ వాడుకరులు చేసిన పనే మీ వ్యాసం మీద మూస పెట్టిన వ్యక్తీ చేశారు. ఆయన మీద కోపం పెట్టుకోకండి.

వలయం లేకపోయినా, ఒకే పొరపాటు తరాల తరబడి నడిచే సందర్భాలు ఉంటాయి. దీనికి తెలుగులో 'భక్త ప్రహ్లాద' కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం తొలి తెలుగు టాకీ. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, పత్రికలు, ఆ తర్వాత వెబ్‌సైట్లు అన్నీ రాశాయి. సంఖ్యను బట్టే తేల్చేటట్టయితే ఆ తేదీకి ఎదురే ఉండకూడదు. అయితే ఎవరికి ఎలా తెలిసిందని వెనక్కి వెళ్తే, ప్రతివారూ తమకు ముందు రాసినవారి దగ్గర ఆగుతారు. సినిమా విడుదలైన నాటి కాగితం ఒక్కటీ కనిపించదు.

పాత్రికేయుడు, సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ ఏళ్ళ తరబడి ఆనాటి పత్రికలు, రికార్డులు వెతికారు. ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సారు పూర్తయింది 1932 జనవరి 22న అని, అక్కడి కృష్ణా థియేటర్‌లో అది మొదటిసారి విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని, మద్రాసుకు ఏప్రిల్ 2న వచ్చిందని వెల్లడించారు. జనవరిలో సెన్సారైన సినిమా అంతకు నాలుగు నెలల ముందే థియేటర్లో ఎలా ఆడుతుంది? ఒక్క సెన్సారు రికార్డు ముందు అన్ని పుస్తకాల మాటా నిలవలేదు. ఇప్పుడు తెలుగు సినిమా పుట్టినరోజు అంటే ఫిబ్రవరి 6 అనే చెబుతున్నారు.

ఇక్కడ కొత్తవాళ్ళు తడబడే ఒక చోటు ఉంది. ఆ సెన్సారు రికార్డు మీకే దొరికిందనుకోండి. దాన్ని పట్టుకుని నేరుగా వికీ వ్యాసంలో పాత తేదీని కొట్టివేయవచ్చా? కూడదు. రికార్డులో ఉన్న తేదీని ఉన్నదున్నట్టు రాయవచ్చు. దాని నుంచి కొత్త నిర్ణయం లాగితే అది సొంత పరిశోధన అవుతుంది. ఆ పని పరిశోధకుడిగా ఒక పత్రికలోనో పుస్తకంలోనో చేయాలి. ఇతరులు దాన్ని పరీక్షించే అవకాశం కలగాలి. ఆ తర్వాతే విజ్ఞాన సర్వస్వంలోకి రావాలి. ఈ నియమం మొదట్లో నాకూ చిరాకుగా ఉండేది. కానీ ఎవరికి దొరికిన కాగితంతో వారు చరిత్ర తిరగరాస్తే, ఏ కాగితం అసలైనదో, దాన్ని సరిగ్గా చదివారో లేదో తేల్చేవారు వికీలో ఎవరూ ఉండరు.

ఇప్పుడు మీ వ్యాసానికి వస్తాను. మీ పన్నెండు లంకెలూ తెరిచి చూశాను. ఏడింటిలో ఉన్నది ఒకే పేరా. "గ్రామంలోని యువకులను కూడగట్టి" అన్న చోట మొదలై చివరి చుక్క దాకా కామా కూడా మారలేదు. ఎవరిది మొదటిదో తెలియదు, రాసినవారి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. మూడు లంకెలు పోటీ పరీక్షల ప్రశ్నల సైట్లవి. ఒకటి ఆయన మనవడు నడుపుతున్న బ్లాగు. మిగిలింది దినపత్రిక. ఆ విలేకరి మాత్రం "కుటుంబ సభ్యులు తెలిపిన ప్రకారం" అని నిజాయితీగా రాశారు. అంటే పన్నెండు దారులూ ఒకే ఇంటి గుమ్మం ముందు ఆగుతున్నాయి.

ఆ ఇంటివారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. తాతగారి త్యాగాన్ని మూడు తరాలు గుర్తుపెట్టుకోవడం గొప్ప విషయం. కానీ జ్ఞాపకంలో ఏడాది జరుగుతుంది, ఒక జైలు పేరు పోయి ఇంకో జైలు పేరు చేరుతుంది, గాంధీ సభకు వెళ్ళడం గాంధీతో మాట్లాడటంగా మారుతుంది. మా తాతయ్య చెప్పిన ఏడు తూములు కూడా అలాంటివే కావచ్చు. కాబట్టి కుటుంబం చెప్పినదాన్ని పారేయకండి. అది నిజంగా జరిగి ఉంటే ఆ రోజుల్లో ఎక్కడెక్కడ జాడ మిగిలి ఉండాలో ఆలోచించండి.

1930 ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యారని రాశారు. అరెస్టులు, శిక్షలు ఆనాటి ఆంధ్రపత్రికలో, కృష్ణాపత్రికలో వార్తలుగా వచ్చేవి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత సంచికలు అంతర్జాలంలో దొరకవచ్చు. అక్కడ దొరకని సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలను కాపాడుకుంటూ వచ్చారు. మూలం అంతర్జాలంలోనే ఉండాలన్న నియమం వికీలో లేదు. పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఉంటే చాలు. సరోజినీ రేగాని సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య సమరయోధుల వివరాలతో వచ్చిన సంపుటాల్లో ఆయన పేరు ఉందేమో చూడండి. అలాగే 1972లో, స్వాతంత్ర్య రజతోత్సవ సమయంలో, కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చింది. వాళ్ళింట్లో గోడకు ఉంటే ఒక ఫొటో తీయించండి. అది ప్రభుత్వ గుర్తింపుకు రుజువు అవుతుంది. ఆయన ఏ ఊళ్ళో ఏ ఉపన్యాసం ఇచ్చారో దాన్నిబట్టి తేలదు.

మొదటి చేతి మూలం చదివితే ఎంత తేడా వస్తుందో పింగళి వెంకయ్య సంగతిలో చూడవచ్చు. జాతీయ పతాకం గురించి వెబ్‌సైట్లలో ఒకే వాక్యం తిరుగుతూ ఉంటుంది, మొత్తం జెండాను ఆయన ఒక్కరే ఒక్కసారిగా రూపొందించినట్టు. గాంధీ స్వయంగా 1921 ఏప్రిల్ 13 నాటి తన పత్రిక యంగ్ ఇండియాలో దీని గురించి రాశారు. ఆయన సంకలిత రచనల్లో అది ఇప్పుడు ఎవరైనా అంతర్జాలంలో చదువుకోవచ్చు. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య కృషిని అందులో మెచ్చుకున్నారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌దని చెప్పారు. బెజవాడలో వెంకయ్యను రాట్నంతో ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా అడిగానని, తెలుపు చేర్చాలన్న ఆలోచన తర్వాత వచ్చిందని వివరించారు. ఇది చదివి రాసిన పేరాలో వెంకయ్య గౌరవం ఏమీ తగ్గదు. పైగా ఎవరూ కదిలించలేని ఆధారం మీద నిలుస్తుంది.

మూలాలు నిజంగానే విభేదించే చోట్లు వేరు. అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు పాండ్రంగి అని కొందరు, మోగల్లు అని కొందరు రాశారు. పుట్టిన ఏడాది 1897 అని, 1898 అని రెండూ కనిపిస్తాయి. వెంకయ్య పుట్టిన ఏడాది సంగతీ అంతే, 1876 అని, 1878 అని. ఇలాంటప్పుడు మీకు నచ్చినది ఒకటి ఎంచుకుని రెండోదాన్ని చెరిపేయకండి. ఎవరు ఏది, దేని ఆధారంగా చెప్పారో రాయండి. అలాగని ప్రతిదానికీ రెండు వైపులకూ సమాన చోటు ఇవ్వాలనీ లేదు. 'భక్త ప్రహ్లాద' వ్యాసంలో 1931 తేదీని పూర్వం అలా అనుకునేవారన్న ఒక వాక్యంతో సరిపెట్టాలి. ఒకవైపు రికార్డు, మరోవైపు అలవాటు ఉన్నప్పుడు తూకం సమానంగా ఉండదు.

ఊళ్ళ వ్యాసాలు రాసేటప్పుడు సంగతిని బట్టి మూలం మారుతుంది. జనాభా, ఇళ్ళ సంఖ్య, సాగు విస్తీర్ణం లాంటివాటికి 2011 జనగణన జిల్లా పుస్తకాలే నేరుగా చూడండి. ఆ అంకెలను ఎత్తి పెట్టుకున్న ప్రైవేటు సైట్లు వద్దు, వాటిలో ఒకే పేరున్న రెండు గ్రామాలు కలిసిపోయిన సందర్భాలు నేనే సరిచేశాను. ఊరు ఏ జిల్లాలో ఉందో చెప్పడానికి మాత్రం జనగణన పుస్తకం పనికిరాదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అక్కడ ప్రభుత్వ ఉత్తర్వే ఆధారం. ఊరి పేరు ఎలా వచ్చింది, గుడి ఎప్పటిది అన్నవాటికి ఇవేవీ సాయపడవు. భక్తి అనుబంధంలో వెయ్యేళ్ళ నాటి గుడి అని ఉంటే దాన్ని స్థలపురాణం ప్రకారం అని రాయండి. శాసనం ఉంటే శాసన సంపుటంలో దాని సంఖ్య, కాలం వెతికి ఇవ్వండి. ప్రభుత్వ సైట్లలోని చరిత్ర పేజీలను కూడా కళ్ళు మూసుకుని తీసుకోకండి. వికీ నుంచే ఎత్తి రాసినవీ వాటిలో ఉంటాయి.

బ్లాగులన్నీ పనికిరావని, పత్రికలన్నీ పనికివస్తాయని అనుకోవడం కూడా పొరపాటే. రాసింది ఎవరు, అచ్చుకు ముందు ఇంకెవరైనా చదివి సరిచూశారా అన్నది చూడాలి. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' వంటి అంతర్జాల పత్రికలో సాహిత్యం మీద వచ్చిన వ్యాసం, సంపాదకుడే లేని వార్తల సైటు కంటే ఎన్నో రెట్లు మేలు. శాసనాలు చదివే పండితుడు తన బ్లాగులో శాసనం గురించి రాస్తే తీసుకోవచ్చు, సినిమా వసూళ్ళ గురించి రాస్తే అక్కర్లేదు.

బతికి ఉన్నవారి వ్యాసాల్లో ఇంకా కఠినంగా ఉండండి. డబ్బిచ్చి వేయించుకున్న కథనాలు ఇప్పుడు వార్తల రూపంలోనే వస్తున్నాయి. ఒకే వారంలో నాలుగైదు సైట్లలో ఒకే పొగడ్త, విలేకరి పేరు లేకపోవడం, చివర ఈ సమాచారానికి సంస్థ బాధ్యత లేదన్న చిన్న అక్షరాల పంక్తి. ఇవి కనిపిస్తే అక్కడితో వదిలేయండి. గౌరవ డాక్టరేట్ అని ఉంటే ఇచ్చిన విశ్వవిద్యాలయం యూజీసీ జాబితాలో ఉందో లేదో చూడండి. కులం, పెళ్ళి, జబ్బు వంటివి ఎంత పెద్ద పత్రికలో వచ్చినా, ఆ వ్యక్తి స్వయంగా చెప్పకపోతే నేను రాయను. మన వాక్యం వల్ల ఒక మనిషి బతుకు ఇబ్బందుల్లో పడుతుందంటే, దానికి మామూలు కంటే బలమైన కారణం ఉండాలి.

కృత్రిమ మేధతో రాయించిన పేజీలు వచ్చాక పని ఇంకా పెరిగింది. వాటి తెలుగులో తరచుగా అక్షరదోషాలు పెద్దగా ఉండవు, వాక్యాలు నున్నగా ఉంటాయి. కాబట్టి భాషను చూసి పోల్చుకోవడం ఇక కుదరదు. పుస్తకం పేరు, ప్రచురణ ఏడాది, పేజీ సంఖ్య కూడా ఇస్తాయి, తీరా వెతికితే కొన్నిసార్లు అలాంటి పుస్తకమే ఉండదు. నేను పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. నా కళ్ళతో తెరిచి చదవని పేజీని మూలంగా ఇవ్వను. ఎవరో ఉదహరించినదాన్ని చూసి ఉదహరిస్తే, ఎవరి దగ్గర చూశానో ఆ పేరే ఇస్తాను.

ఇంకో పని కూడా అలవాటు చేసుకోండి. లంకె ఇచ్చిన రోజే ఆ పేజీని, వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచి, ఆ నకలు లంకెను కూడా మూలంలో చేర్చండి. తెలుగు పత్రికల సైట్లు రూపం మారినప్పుడల్లా పాత లంకెలు తెగిపోతున్నాయి. శీర్షిక, తేదీ, ఏ జిల్లా సంచికో రాసిపెడితే లంకె పోయినా గ్రంథాలయంలో వెతుక్కునే వీలుంటుంది.

ఇక మీ వ్యాసంలో ఈ రోజు చేయాల్సినవి. ఒకే పేరా ఉన్న ఏడు లంకెలు, పోటీ పరీక్షల మూడు లంకెలు తీసేయండి. పత్రిక లంకెను ఉంచి, దాని వాక్యాన్ని "కుటుంబ సభ్యులు తెలిపిన ప్రకారం" అని మార్చండి. బ్లాగును ఆయన బంధువుల పేర్ల వరకే వాడండి. తామ్రపత్రం ఉందేమో మనవడిని అడగండి. 1930 ఏప్రిల్, మే నెలల ఆంధ్రపత్రిక సంచికలు మనిద్దరం పంచుకుందాం. ఏప్రిల్ నేను చూస్తాను, మే మీరు చూడండి. పేరు కనిపించిన ప్రతి చోటా తేదీ, పేజీ సంఖ్య చర్చాపేజీలో రాయండి. కనిపించని సంచికల తేదీలు కూడా రాయండి, తర్వాత వెతికేవాళ్ళకు అవి పనికొస్తాయి. మూసను అప్పటిదాకా అలాగే ఉండనివ్వండి.